ఆ దస్తావేజు రాసింది నేనే

మధ్యాహ్నం మూడు దాటితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు జనం పలచబడతారు. పొద్దున వచ్చిన కార్లూ ఆటోలూ వెళ్లిపోతాయి. టీ బండి అబ్బాయి గ్లాసులు కడుక్కుంటూ ఉంటాడు. వాళ్లు సరిగ్గా ఆ వేళకి వస్తారు. చేతిలో బట్టల కొట్టు సంచి, సంచిలో పాలిథిన్ కవరు, కవర్లో నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితాలు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ముహూర్తం చూసుకుని నలుగురితో కలిసి వస్తారు. వీళ్లు ఒక్కళ్లే వస్తారు. బెంచీ చివర కూర్చుని, నేను తలెత్తి చూసేదాకా నోరు విప్పరు.

"రైటరు గారూ, పిల్లలకి రాసిచ్చింది మళ్లీ వెనక్కి తీసుకోవచ్చాండీ?"

నేను దస్తావేజు లేఖరిని. మా నాన్నగారూ ఇదే పని చేశారు. కృష్ణా డెల్టాలో మాది ఒక చిన్న పట్నం. ఊరి పేరు చెప్పను. చెబితే నా దగ్గర కాగితాలు రాయించుకున్నవాళ్లు ఎవరెవరో చుట్టుపక్కల వాళ్లు ఇట్టే పోల్చేస్తారు. నాన్నగారి దగ్గర కూర్చుని రాత నేర్చుకునే రోజుల్లో దస్తావేజంతా చేత్తోనే రాసేవాళ్లం. ఆఫీసులో దాన్ని మళ్లీ పెద్ద పెద్ద పుస్తకాల్లోకి చేత్తోనే ఎక్కించేవాళ్లు. 1998లో కంప్యూటర్లు వచ్చాయి. రాత పోయి టైపు వచ్చింది, మాటలు మాత్రం మారలేదు. "నా స్వార్జితమై నా స్వాధీనానుభవములో ఉన్న", "ప్రేమాభిమానముల చేత", "పుత్ర పౌత్ర పారంపర్యముగా", "దాన విక్రయ వినిమయాది సర్వాధికారములతో" అనే మాటలు కళ్లు మూసుకున్నా నా చేతికి వచ్చేస్తాయి.

ఆ వరసలోనే చివర్లో ఒక వాక్యం ఉండేది. "ఈ దస్తావేజును ఏ కారణము చేతనైనను రద్దుపరచుటకు గాని మార్చుటకు గాని ఇకమీదట నాకు ఎట్టి హక్కులు లేవు." పాతికేళ్లు ఆ వాక్యాన్ని ప్రతి దాన దస్తావేజులోనూ రాశాను. ఎవరూ రాయమని అడగలేదు. నాన్నగారు రాసేవారు కాబట్టి నేనూ రాశాను.

2011లో ఒక పెద్దావిడ వచ్చింది. అరవై ఎనిమిదో, డెబ్బయ్యో ఉంటాయి. ఐదు సెంట్ల స్థలంలో రెండు గదుల డాబా. భర్త రైసుమిల్లులో పనిచేసి, కూడబెట్టి, ఆవిడ పేరునే కొన్నాడు. ఆయన పోయి మూడేళ్లయింది. చిన్నకొడుకు పేర సెటిల్‌మెంటు, అంటే ఇంట్లోవాళ్లకి ఇచ్చే దాన దస్తావేజు, రాయాలి. పైన ఒక అంతస్తు వేసుకోవడానికి బ్యాంకు లోను కావాలట, ఇల్లు అతని పేర ఉంటేనే ఇస్తారట. నన్ను చూసి నవ్వింది. "వాడు చూడకపోతే నన్నెవరు చూస్తారు బాబూ" అంది. రాత పూర్తయ్యాక చదివి వినిపించాను. చదవడమంటే మా పద్ధతిలో చదవడమే, గుక్క తిప్పుకోకుండా, హద్దుల దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా. తల ఊపింది.

లోపల వేలిముద్ర మిషను ఆవిడ బొటనవేలిని పట్టలేదు. ఏళ్ల తరబడి నాట్లు వేసిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. మూడుసార్లు పెట్టించారు. చీర కొంగుతో తుడుచుకుంది. ఎవరో "నుదుటికి రాసి పెట్టమ్మా, జిడ్డుంటే పడుతుంది" అన్నారు. నుదుట బొట్టు లేని చోట వేలు రాసుకుని నాలుగోసారి పెట్టింది. పడింది. కొడుకు మాకందరికీ కూల్‌డ్రింకులు ఇప్పించాడు.

నాలుగేళ్లకి ఆవిడ మళ్లీ వచ్చింది, మధ్యాహ్నం మూడు దాటాక. నేను మొదట గుర్తుపట్టలేదు. కింద రెండు గదులూ అద్దెకిచ్చేశారు. పైన కొడుకు కాపురం. ఈవిడ మంచం వసారాలోకి వచ్చింది, తర్వాత మెట్ల కిందికి పోయింది. "అక్క దగ్గరికి వెళ్లు" అన్నాడట. కోడలి సంగతి నేనేమీ అడగలేదు. ఇలాంటి వాటిల్లో ఊరంతా నేరం కోడలి మీదికి నెట్టేస్తుంది. నేను చూసినంతలో దస్తావేజు రాయించుకున్నదీ, చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి వేలు పెట్టించిందీ కొడుకే.

ఆవిడ కాగితాలు తీసి నా ముందు పెట్టింది. "చదవండి బాబూ. నేను ఆ ఇంట్లోనే ఉండాలని ఎక్కడ రాసుందో అది చదవండి. వాడికి చూపిస్తాను."

ఎక్కడా రాసి లేదు. నేనే కదా రాసింది, నాకు తెలుసు. అయినా మొదటి పేజీ నుంచి వెతుకుతున్నట్టు చూశాను. ఆవిడ నమ్మకమేమిటంటే, తాను బతికున్నంతకాలం తన ఇంట్లో తాను ఉంటుందనేది వేరే చెప్పాల్సిన మాట కాదు, ఆ కాగితంలో అది ఉండే ఉంటుంది. ఉన్నది మాత్రం రద్దుపరచుటకు హక్కులు లేవన్న నా వాక్యం.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సినిమాల్లో చూసి, అరుగుల మీద విని, చాలామంది తప్పుగా అనుకుంటారు. తల్లిదండ్రులు ఇచ్చారు కాబట్టి తల్లిదండ్రులే తీసేసుకోవచ్చు అనుకుంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 122వ సెక్షను దానమంటే ఏమిటో చెబుతుంది. ఇష్టపూర్వకంగా, డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి, ఇచ్చినవాళ్లు బతికుండగానే పుచ్చుకున్నవాళ్లు ఒప్పుకోవాలి. 123వ సెక్షను ప్రకారం స్థిరాస్తి అయితే దస్తావేజు రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. ఇవన్నీ జరిగాయంటే దానం పూర్తయినట్టే. ఆ సాయంత్రం నుంచి ఇల్లు కొడుకుది. తల్లి తల్లే, యజమాని మాత్రం కాదు.

126వ సెక్షనులో వెనక్కి తీసుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది, దస్తావేజు రాసేనాడే ఇద్దరూ ఒక షరతు ఒప్పుకోవడం, ఫలానాది జరిగితే ఇది రద్దవుతుందని. ఆ ఫలానాది ఇచ్చినవాళ్ల ఇష్టాయిష్టాల మీద ఆధారపడకూడదు. చాలామంది పెద్దలు "నాకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రద్దు చేసుకుంటానని రాయండి" అంటారు. అలా రాస్తే అసలు దానమే చెల్లదు. "కొడుకు పోషించకపోతే" అని రాస్తే చెల్లుతుంది, ఎందుకంటే పోషించడం మానడం కొడుకు చేసే పని, తల్లి చేసేది కాదు. రెండో దారి మోసం, బలవంతం, ఒత్తిడి. పింఛను కాగితమని చెప్పి వేలు వేయించుకున్నారు అనుకోండి, కోర్టుకు వెళ్లి దస్తావేజు కొట్టేయించవచ్చు. సంగతి తెలిసిన మూడేళ్లలోపు దావా వేయాలి, రుజువు చూపాలి, ఫీజు కట్టాలి. పెద్దావిడ విషయంలో మోసం లేదు. ఆవిడ నవ్వుతూనే ఇచ్చింది.

ఒకప్పుడు ఇంకో అలవాటు ఉండేది. ఇచ్చినవాళ్లు ఒక్కళ్లే వచ్చి రద్దు దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించేవాళ్లు. దానితో ఊళ్లో గొడవలు రెట్టింపయ్యేవి, ఒకే ఇంటికి ఇద్దరు యజమానులు. 2006 చివర్లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ నిబంధన మార్చి, విక్రయ దస్తావేజు రద్దు చేయాలంటే ఇరుపక్షాలూ రావాలి, లేదా కోర్టు ఉత్తర్వు ఉండాలి అన్నారు. దానానికి కూడా ఒక్కళ్లు రాసుకున్న రద్దు కాగితం కోర్టులో నిలబడదు. 2014లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు మన ఉమ్మడి రాష్ట్రం నుంచే వెళ్లింది. అందులో ఒకావిడ తాను బతికున్నంతకాలం ఇంటి అనుభవం, అద్దెలు తనవేనని ఉంచుకుని దానం రాసింది, తర్వాత రద్దు దస్తావేజు రాసింది. స్వాధీనం తన దగ్గరే ఉంది కాబట్టి దానం పూర్తికాలేదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. దానం దానమే, రద్దు చెల్లదు అంది. ఆ తీర్పులో పెద్దవాళ్లకు ఒక మేలూ ఉంది. జీవితాంతం అనుభవించే హక్కు తమకు ఉంచుకుని కూడా దానం ఇవ్వవచ్చు, దానివల్ల దానం చెడదు అన్నమాట అందులో స్పష్టమైంది.

మిగిలింది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. అరవై ఏళ్లు దాటినవాళ్లు ఆ చట్టం వచ్చాక రాసిచ్చిన ఆస్తికి 23వ సెక్షను వర్తిస్తుంది. తిండి, గూడు, కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద ఇచ్చి ఉండి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఆ దస్తావేజును మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నట్టుగానే భావించి ట్రిబ్యునలు రద్దు చేయవచ్చు. ట్రిబ్యునలంటే మన దగ్గర ఆర్డీవో. ప్లీడర్ని పెట్టుకోనక్కర్లేదు, అర్జీ రాసి ఇస్తే చాలు. మతంతో పని లేదు.

పెద్దావిడకి అర్జీ నేనే రాశాను. డబ్బు తీసుకోలేదు. అదో గొప్పగా చెప్పడం లేదు, తీసుకునే ముఖం నాకు లేదు. విచారణలో ఆర్డీవో దస్తావేజు పేజీలు తిప్పి చూశారు. "ఇందులో షరతేమీ లేదమ్మా" అన్నారు. "కొడుకుని నేను షరతు మీద కనలేదు బాబూ" అంది ఆవిడ. ఆయన కాసేపు మాట్లాడలేదు. దస్తావేజు రద్దు చేయలేమన్నారు, నెలకి నాలుగు వేలు ఇవ్వాలని కొడుక్కి ఉత్తర్వు వేశారు. చట్టంలో గరిష్ఠం పదివేలే. కొన్ని నెలలు ఇచ్చాడు. ఆపాడు. మళ్లీ అర్జీ, మళ్లీ నోటీసు. ఆవిడ కూతురి ఊళ్లోనే ఉండిపోయింది, 2018లో పోయింది. దినకార్యానికి ఆ కూతురు నాకు ఫోను చేసి పిలిచింది. నేను వెళ్లలేకపోయాను.

నా పద్ధతి ఆవిడ విచారణ నాటినుంచే మారింది.

ఎవరైనా పెద్దవాళ్లు దాన దస్తావేజుకని వస్తే, వెంట వచ్చినవాళ్లని టీ తాగి రమ్మంటాను. ఇచ్చేవాళ్లతో ఒక్కళ్లతోనే మాట్లాడతాను. కొందరు కొడుకులకు అది నచ్చదు. "మా అమ్మతో మీకేం రహస్యం?" అని ఒకతను బండి తీసుకుని ఎదుటి రైటరు దగ్గరికి వెళ్లిపోయాడు. పోనీ. నేను అడిగేవి పెద్ద ప్రశ్నలేమీ కాదు. ఇప్పుడు మీరెక్కడ పడుకుంటున్నారు? మీ మందులెవరు తెస్తున్నారు? ఈ ఇల్లు కాక మీ పేర ఇంకేమైనా ఉందా? రాసిచ్చాక రేపు మీకు పదివేలు అవసరమైతే ఎవర్ని అడుగుతారు? మొదటి మూడింటికీ గబగబా చెబుతారు. నాలుగోదానికి చాలామంది ఆగిపోతారు. ఆ ఆగడం చూశాకే నేను ఏ రకం కాగితం రాయాలో నిర్ణయిస్తాను.

నా మొదటి సలహా వీలునామా. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరిగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు ఖర్చు లేదు, రిజిస్టరు చేయించడం కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. అయినా ఎక్కువమంది వద్దంటారు. వీలునామా అనగానే పెద్దవాళ్లకి అది చావు కాగితంలా వినిపిస్తుంది. పిల్లలకేమో, రేపు అక్క వచ్చి రెండు కన్నీళ్లు పెట్టుకుంటే అమ్మ మార్చేస్తుందన్న భయం. మార్చేస్తుంది కూడా. అది ఆవిడ ఆస్తి, ఆవిడ ఇష్టం. ఈ మాట చెబితే కొడుకులు నన్ను వింతగా చూస్తారు.

వీలునామా వద్దంటే, సెటిల్‌మెంటులో రెండు సంగతులు ఉంచనిదే నేను రాయను. ఒకటి, జీవితాంత హక్కు. ఊరికే "అనుభవించు హక్కు కలదు" అంటే చాలదు, మెట్ల కింద మంచం వేసి అదే అనుభవమంటారు. "తూర్పువైపు గది, దానికి చేరిన స్నానాలగది, వంటింటి వాడకం, వీధి గుమ్మం గుండా రాకపోకలు నా జీవితకాలమంతయు నాకు మాత్రమే ఉండును" అని హద్దులతో సహా రాస్తాను. స్థలానికి చెక్కుబందీ రాస్తాం కదా, మనిషి పడుకునే గదికి ఎందుకు రాయకూడదు? రెండోది షరతు. తిండి, బట్ట, మందులు, వైద్యం చూడాలి, చూడని యెడల ఈ దస్తావేజు రద్దగును అని, 2007 చట్టం 23వ సెక్షనును పేరుపెట్టి మరీ. పుచ్చుకునేవాళ్లు కూడా దాని కింద సంతకం పెట్టాలి.

ఇందులో ఇంకో మేలుంది. రేపు కొడుకు ఇల్లు అమ్మేయబోతే, కొనేవాడు లింకు దస్తావేజు తీసి చదువుతాడు కదా, షరతు కంటపడుతుంది. "నాకు తెలియదు, డబ్బిచ్చి కొన్నాను" అనడానికి వీలుండదు. షరతు నోటిమాటగా ఉంటే డబ్బిచ్చి కొన్నవాడి హక్కు ముందుకు వస్తుంది, పెద్దవాళ్లు వెనక్కిపోతారు.

"అలా రాస్తే బ్యాంకు లోను ఇవ్వదండీ" అంటారు కొడుకులు. ఇవ్వకపోవచ్చు, అది నిజమే. అప్పుడు ఇల్లు అమ్మ పేరునే ఉంచండి, అమ్మే హామీ ఉండి తనఖా పెడుతుంది, లోను మీరు తీర్చుకోండి అంటాను. కొందరు ఆ దారిన వెళ్లారు. కొందరు మళ్లీ రాలేదు.

పుచ్చుకున్నవాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను చెప్పేది సగమే అవుతుంది. దానం అంత తేలిగ్గా వెనక్కి రాకూడదని చట్టం పట్టుబట్టడంలో న్యాయం ఉంది. ఒక తండ్రి పెద్దకొడుక్కి స్థలం ఇచ్చాడు. ఆ కుర్రాడు అప్పు చేసి ఇల్లు కట్టాడు, తండ్రికి గది వేయించాడు, గుండె ఆపరేషనుకి వారం రోజులు ఆస్పత్రి వరండాలో పడుకున్నాడు. రెండేళ్లకి చిన్నకొడుకు వ్యాపారంలో దెబ్బతిన్నాడు. తండ్రి నా దగ్గరికి వచ్చి, పెద్దాడికిచ్చింది రద్దుచేసి చిన్నాడికి రాయాలన్నాడు. "వాడు నన్ను చూడటం లేదని అర్జీ రాయండి" అన్నాడు. చూస్తున్నాడు కదండీ అన్నాను. "చిన్నాడు రోడ్డున పడతాడు రైటరు గారూ" అన్నాడు. ఆ తండ్రి బాధ అబద్ధం కాదు. అర్జీ మాత్రం అబద్ధమవుతుంది. రాయలేదు. పెద్దకొడుకు పెట్టిన ఇటుకలకీ విలువుంది. తండ్రుల మనసు మారినప్పుడల్లా ఇల్లు చేతులు మారితే ఎవరూ పైకప్పు వేసుకోలేరు.

పిత్రార్జితం అయితే లెక్క వేరు. అందరిదీ అయిన ఉమ్మడి ఆస్తిని ఒక కొడుక్కి తండ్రి దానం రాసిచ్చేస్తే, మిగతా వాటాదారులు కోర్టుకు వెళ్లి కొట్టేయించవచ్చు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతుళ్లూ ఆ వాటాదారుల్లో ఉన్నారు. ముస్లిం కుటుంబాల్లో హిబాకి, అంటే దానానికి, రాత కన్నా స్వాధీనం ముఖ్యం, స్వాధీనం ఇవ్వకముందు వెనక్కి తీసుకోవచ్చు. పిల్లలకు ఇచ్చి స్వాధీనం కూడా చేసేశాక ఇక కుదరదు.

కూతుళ్ల విషయం తల్చుకుంటే నాకు కోపం వస్తుంది. మా డెల్టాలో పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద అరెకరమో ఎకరమో ఇస్తున్నామని పెద్దల మధ్య అనేస్తారు. నోటిమాటే. కౌలు డబ్బులు ఏటా అమ్మాయికి పంపుతుంటారు. కొడుక్కి ఇచ్చేదానికి మాత్రం నా దగ్గరికి వచ్చి రిజిస్టరు చేయిస్తారు. ఎకరం ధర కోటి దాటగానే తమ్ముడు ఆ పొలం అమ్మకానికి పెడతాడు. అక్క నా బెంచీ మీద కూర్చుని "మా నాన్న ఇచ్చింది వెనక్కి తీసుకుంటారా?" అని ఏడుస్తుంది. తల్లీ, రిజిస్టరు కాని దానం చట్టం కళ్లకి దానమే కాదు, నీకు అసలు ఇచ్చినట్టే లెక్క లేదు అని ఆవిడకి నేను చెప్పాలి. ఒకే ఇంట్లో కొడుక్కిచ్చింది వెనక్కి రాదు, కూతురికిచ్చింది ఇవ్వనే లేదు. అందుకే ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్లో ఎవరు కలిసినా, అమ్మాయికి మాటిచ్చారా, అయితే ఎప్పుడొస్తున్నారు రిజిస్ట్రేషనుకి అని అడిగేస్తున్నాను.

షరతు రాసిన దస్తావేజు పనిచేయడం నేను కళ్లారా చూసింది 2022లో. ఆయన ఇరిగేషన్లో లష్కరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా కాలవ గట్ల మీద తిరిగిన మనిషి. 2017లో ఒక్కడే కొడుకు పేర ఇల్లు రాశాడు. ఆరోజు షరతు రాస్తుంటే ఆయనే అడ్డం పడ్డాడు. "మావాడి మీద నమ్మకం లేదని చాటడమెందుకండీ" అన్నాడు. నేను పట్టుబట్టాను. ఐదేళ్లకి అదే కాగితం పట్టుకుని వచ్చాడు.

ఆర్డీవో ఆఫీసు హాల్లో పాత ఫ్యాను కిర్రుమంటోంది. తండ్రీ కొడుకులు ఒక బల్లకి అటూ ఇటూ. అధికారిణి చిన్న వయసు అమ్మాయి. షరతు ఉన్న పేజీ పైకి చదివి కొడుకుని అడిగింది. "మందులు తెస్తున్నావా?"

"ఆయన అడగలేదండి."

"అడగాలా?" అన్నాడు తండ్రి. అంతే, ఇంకేం మాట్లాడలేదు. చొక్కా జేబులోంచి షుగరు మాత్రల ఖాళీ అట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

దస్తావేజు రద్దయింది. కొడుకు కలెక్టరు దగ్గర అప్పీలుకి వెళ్తానన్నాడు గాని వెళ్లలేదు. ఉత్తర్వు నకలు పట్టుకుని ముసలాయన, నేను రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాం, రేపు ఎవరైనా ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, తీస్తే రద్దు సంగతి కనపడాలని.

అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పోషించాలన్న షరతు మీద ఇచ్చినట్టు చూపిస్తేనే 23వ సెక్షను పనిచేస్తుంది, పిల్లలకు ఆస్తి ఇచ్చినంత మాత్రాన ఆ షరతు ఉందని అనుకోలేం అని. పెద్దావిడకి ఏడేళ్ల ముందే ఆర్డీవో చెప్పింది అదే. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్ కేసులో వచ్చిన తీర్పు పెద్దవాళ్లకి కొంచెం ఊపిరినిచ్చింది. ఆ తల్లి 2019లో కొడుక్కి దానం రాసింది. చూసుకుంటానని, చూసుకోకపోతే తిరిగి తీసుకోవచ్చని కొడుకు అదేరోజు విడిగా ఒక వాగ్దాన పత్రం రాసిచ్చాడని ఆవిడ చెప్పింది. కోర్టు ఆ చట్టాన్ని ముసలివాళ్ల మేలు కోరి ఉదారంగా చదవాలంది. దానం రద్దు చేసింది, ఇల్లు తల్లికి తిరిగి అప్పగించమంది. ట్రిబ్యునళ్లకి ఖాళీ చేయించే అధికారం కూడా ఉందని చెప్పింది. మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, అదే ఏడాది మార్చిలో, ప్రేమాభిమానాలతో ఇచ్చానని రాస్తే అందులోనే చూసుకోవాలన్న షరతు ఇమిడి ఉందంది. "ప్రేమాభిమానముల చేత" అని నేను ఎన్ని వందల కాగితాల్లో రాశానో! ఆ మాటకి అంత బరువుందని 2011లో నాకు తెలియదు.

అయినా, ఏ ట్రిబ్యునలు ఎలా చదువుతుందో అన్న ఆశ మీద ముసలివాళ్లని కోర్టు మెట్లెక్కించను. నాలుగు వాక్యాలు ఎక్కువ టైపు చేస్తే సరిపోయే పనికి నాలుగేళ్ల తిరుగుడు ఎందుకు? ఈ వయసులో కాళ్లు నొప్పులు, బస్సెక్కలేరు, వాయిదా రోజు ఆకలితో కూర్చోవాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లకి 14567 నంబరు కూడా రాసి ఇస్తాను. వృద్ధుల కోసం పెట్టిన జాతీయ హెల్ప్‌లైను అది.

మొన్న శనివారం ఒక తల్లీకొడుకులు వచ్చారు. కొడుకు ఎలక్ట్రీషియను, చేతులకి ఇంకా వైరు టేపు అంటుకుని ఉంది. ఆవిడకి చూపు సరిగా లేదు, తలుపు దగ్గర గడప తగలకుండా అతను వెనకనుంచి మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. అలవాటు ప్రకారం అతన్ని టీకి పంపి ఆవిడతో మాట్లాడాను. నాలుగో ప్రశ్నకి ఆవిడ ఆగలేదు. "వాణ్ణే అడుగుతాను, వాడి దగ్గర లేకపోతే ఇద్దరం ఊరుకుంటాం" అంది. షరతు మాత్రం మానలేదు. ఈసారి గుక్క తిప్పుకుంటూ, ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి, ఇద్దరికీ చదివి వినిపించాను. తూర్పు గది. వంటిల్లు. తిండి, బట్ట, మందులు, వైద్యం. చూడని యెడల రద్దగును.

తల్లి నొచ్చుకున్నట్టు కొడుకు వైపు చూసింది. అతను కాసేపు స్క్రీను మీద అక్షరాల వంక చూస్తూ నిలబడ్డాడు.

"మందులు అని రాశారు గదండీ," అన్నాడు. "దాని పక్కన కంటి ఆపరేషను, కళ్లజోడు కూడా రాయండి. సంక్రాంతి వెళ్లాక చేయించాలి."

కర్సరు మందుల పక్కకి తెచ్చి, కామా పెట్టి, టైపు చేశాను.